విలా నోవా ద గాయాలో పోర్ట్ వైన్ టేస్టింగ్: ఒక మధ్యాహ్నానికి రెండు సెల్లార్లు చాలు

పోర్చుగల్‌లోని పోర్తో నగరానికి వెళ్ళినవాళ్ళు నది ఒడ్డున నిలబడి ఫొటో దిగితే, వెనక కనిపించేది చాలాసార్లు పోర్తో కాదు. డోరో నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా. పోర్తోకి ఆనుకునే ఉన్నా అది వేరే ఊరు, దాని మునిసిపాలిటీ వేరు. కొండవాలు మీద వరసగా ఎర్ర పెంకుల కప్పులు, వాటి మీద పెద్ద పెద్ద అక్షరాల్లో శాండెమన్, కాలెమ్, టేలర్స్, గ్రాహమ్స్ అని పేర్లు. ఆ కప్పుల కింద ఉన్నవి పోర్ట్ వైన్‌ని ఏళ్ళ తరబడి నిల్వ చేసి పండించే గిడ్డంగులు, అంటే సెల్లార్లు. నడిచి చుట్టి రాగలిగినంత జాగాలో ఇన్ని కంపెనీలు ఉన్నాయి. వాటి మధ్యలో బార్లు, వీధి గాయకులు, పడవలు, చీకటి పడేసరికి తిరునాళ్ళలా జనం. నగరం సందడి మధ్యే కూర్చుని వైన్ రుచి చూడాలనుకునేవాళ్ళకి ఇంత వీలైన పేట ఇంకొకటి దొరకడం కష్టం.

వీలుగా ఉంది కాబట్టే చాలామంది పాడుచేసుకుంటారు. మ్యాప్ తెరిచి, ఐదు పేర్లు గుర్తు పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతారు. మూడో చోటికి వచ్చేసరికి గ్లాసులో ఏముందో నాలుకకి తెలియదు. ఐదో చోట మిగిలేది తలనొప్పే. అందుకని ముందే చెప్పేస్తున్నాను: ఒక మధ్యాహ్నానికి రెండు సెల్లార్లు పెట్టుకోండి. ఒకటి సీసాలో పండే వైన్ కోసం, రెండోది పీపాలో పండే వైన్ కోసం. కొండ మీద మొదలుపెట్టి నది దగ్గరికి దిగండి. ఈ వరస ఎందుకో, ఎలాగో కింద వివరంగా రాస్తున్నాను.

గ్లాసులోకి వచ్చేది ఏమిటో ముందు తెలుసుకోండి

ఈ భాగం చదవకుండా వెళ్తే టూర్‌లో గైడ్ చెప్పేది సగమే బుర్రకెక్కుతుంది. మిగతావి దాటేసినా పరవాలేదు, ఇది మాత్రం చదవండి.

పోర్ట్ మామూలు టేబుల్ వైన్ కాదు. ద్రాక్షలు తొక్కి పులియబెడతారు. అందులోని చక్కెర సుమారు సగం ఆల్కహాల్‌గా మారిన దశలో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్‌ని కలిపేస్తారు. ఆ దెబ్బకి ఈస్ట్ చచ్చిపోయి పులియడం ఆగిపోతుంది. మిగిలిన చక్కెర వైన్‌లోనే ఉండిపోతుంది. పాత లెక్క ప్రకారం 550 లీటర్ల పీపాలో 435 లీటర్లు పులుస్తున్న రసం, 115 లీటర్లు స్పిరిట్. అందుకే పోర్ట్ తియ్యగానూ ఉంటుంది, ఘాటుగానూ ఉంటుంది. మామూలు వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం ఉంటే పోర్ట్‌లో 19 నుంచి 22 శాతం.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక్కో టేస్టింగ్‌లో మూడు గ్లాసులు, గ్లాసుకి 60 మిల్లీలీటర్లు అనుకుందాం. మొత్తం 180 మిల్లీలీటర్లు. ఇరవై శాతం చొప్పున చూస్తే అందులో ఆల్కహాల్ 36 మిల్లీలీటర్లు. అదే ఆల్కహాల్ 13 శాతం మామూలు వైన్‌లో రావాలంటే దాదాపు 280 మిల్లీలీటర్లు తాగాలి. అంటే రెండు సెల్లార్లు పూర్తయ్యేసరికి మామూలు వైన్ ముప్పాతిక సీసా తాగినట్టే. తీపి వల్ల ఆ ఘాటు బయటికి తెలియదు, చల్లని సెల్లార్లో కూర్చున్నంతసేపూ అసలే తెలియదు. ఎండలోకి వచ్చి మెట్లు దిగుతుంటే అప్పుడు తెలుస్తుంది. రెండే చాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇక రకాలు. పేర్లు చాలా ఉన్నా కుటుంబాలు రెండే అనుకుంటే తేలిక.

మొదటిది రూబీ కుటుంబం. గాలి ఎక్కువగా తగలనివ్వకుండా పెద్ద పెద్ద తొట్లలో ఉంచి, ఎరుపు రంగూ పండు రుచీ పోకుండా కాపాడతారు. మామూలు రూబీ, రిజర్వ్, ఎల్‌బీవీ (లేట్ బాటిల్డ్ వింటేజ్), వింటేజ్ అన్నీ ఈ కుటుంబమే. ఎల్‌బీవీ అంటే ఒకే ఏడాది పంట, నాలుగు నుంచి ఆరేళ్ళు చెక్కలో ఉంచి సీసాలో పోస్తారు. వింటేజ్ కూడా ఒకే ఏడాది పంటే, కానీ బాగా పండిన ఏడు మాత్రమే కంపెనీలు దాన్ని ప్రకటిస్తాయి. మామూలుగా పదేళ్ళలో మూడు సార్లు అలా జరుగుతుంది. 2016, 2017 వరసగా రెండేళ్ళూ చాలా కంపెనీలు ప్రకటించడం అరుదైన విషయం. వింటేజ్‌ని రెండు మూడేళ్ళకే సీసాలో పోసేస్తారు. ఆ తర్వాత అది దశాబ్దాల పాటు సీసాలోనే పండుతుంది.

రెండోది టానీ కుటుంబం. ఇవి 550 లీటర్ల వంటి చిన్న పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. చెక్క సందుల్లోంచి కొద్దికొద్దిగా గాలి తగులుతుంది, వైన్ కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఎరుపు పోయి ఇటుక రంగు, తర్వాత తేనె రంగు వస్తుంది. పండు వాసన తగ్గి బాదం, వాల్‌నట్, ఎండు అంజీర్, బెల్లం పాకం వాసనలు పైకొస్తాయి. లేబుల్ మీద 10, 20, 30, 40 సంవత్సరాలు అని ఉంటుంది. లోపలున్నది సరిగ్గా అన్నేళ్ళ వైన్ అని దాని అర్థం కాదు. రకరకాల వయసుల వైన్లు కలిపి, ఆ వయసుకి తగ్గ రుచి వచ్చేలా చేస్తారు. డోరో, పోర్తో వైన్ సంస్థ తరఫున రుచి చూసేవాళ్ళు దాన్ని ఒప్పుకోవాలి. ఒకే ఏడాది పంటతో చేసిన టానీ కావాలంటే కొల్యేటా అని అడగండి. అది కనీసం ఏడేళ్ళు చెక్కలో ఉంటుంది.

తెల్ల పోర్ట్, రోజే పోర్ట్ కూడా ఉన్నాయి. రోజే కొత్తది, 2008లో క్రాఫ్ట్ కంపెనీ మొదలుపెట్టింది. నా మట్టుకు రోజేకి ఒక గ్లాసు వృథా చేయడం దండగ. తెల్లది మాత్రం వదలకండి, దాని సంగతి సాయంత్రానికి వస్తాను.

ద్రాక్షతోటలు ఎక్కడ అని వెతక్కండి

గాయాలో తోటలుండవు. తోటలు డోరో లోయలో, సుమారు వంద కిలోమీటర్ల ఎగువన ఉన్నాయి. 1756లో పోర్చుగల్ మంత్రి, ఆ తర్వాత పొంబాల్ మార్క్విస్‌గా పేరుపడ్డ ఆయన, ఆ లోయకి హద్దులు నిర్ణయించాడు. వైన్ ప్రాంతానికి చట్టప్రకారం హద్దులు పెట్టినవాటిలో ప్రపంచంలోనే అతి పాతవాటిలో అది ఒకటి. లోయలో ఎండాకాలం మండిపోతుంది. గాయాలో కొండవాలు ఉత్తరం వైపుకి ఉంది, పైగా పక్కనే అట్లాంటిక్. చల్లదనమూ తేమా ఉండటం వల్ల వైన్ నెమ్మదిగా పండుతుంది. అందుకని లోయలో చేసిన వైన్‌ని పీపాల్లో నింపి, రబేలో అనే అడుగు చదునైన పడవల మీద నది దిగువకి తెచ్చి ఇక్కడ దాచేవారు. ఎగుమతి అయ్యే పోర్ట్ ఇక్కణ్ణించే వెళ్ళాలన్న నిబంధన 1986 దాకా ఉండేది. నదికి ఆనకట్టలు కట్టాక పడవల పని లారీలకి పోయింది. ఇప్పుడు ఒడ్డున తేలుతూ కనిపించే రబేలోలు కంపెనీల ప్రకటనల కోసమే.

తోటలు కూడా చూడాలనుంటే అది వేరే రోజు పని. పోర్తోలో రైలెక్కి నది వెంట పిన్యావ్ దాకా వెళ్ళి రావచ్చు. సెల్లార్లతో కలిపి ఒకే రోజులో కుక్కితే రెండూ పాడవుతాయి.

సెల్లార్లు ఎంచుకోవడం

ఒక్కో దానికీ ఒక్కో స్వభావం. పేరు పెద్దది కదా అని కాక, మీకు కావలసింది ఎక్కడుందో చూసుకోండి.

*టేలర్స్*: 1692 నాటి కంపెనీ. కొండ మీద, ఎత్తులో ఉంటుంది. ఆడియో గైడ్ చెవికి పెట్టుకుని మన వేగంలో మనం తిరగొచ్చు, ఎవరి వెనకా పరిగెత్తనక్కరలేదు. ఎల్‌బీవీని 1970లో మార్కెట్‌లోకి తెచ్చి జనానికి అలవాటు చేసింది వీళ్ళే, కాబట్టి ఇక్కడ ఎల్‌బీవీ తాగడం సబబు. డ్రై, అంటే తీపి తక్కువున్న, తెల్ల పోర్ట్‌ని కూడా 1934 నుంచే చేస్తున్నారు. పీపాల గదులు చూశాక తోటలో కూర్చుని గ్లాసు పట్టుకోవచ్చు. మొదటి సెల్లార్‌గా నా ఓటు దీనికే.

*గ్రాహమ్స్*: 1820 నాటి కంపెనీ. సెల్లార్ 1890లో కట్టినది. ఊరికి పడమటి చివర, ఇంకో కొండ మీద ఉంటుంది. సైమింగ్టన్ కుటుంబం నడుపుతోంది. గైడ్ తీసుకెళ్ళే టూర్లే, ముందుగా బుక్ చేసుకోవాలి. వింటేజ్ పోర్ట్ సంగతి పట్టించుకునేవాళ్ళు టేలర్స్ బదులు ఇక్కడికి రావచ్చు. నడక కాస్త ఎక్కువ, ఎక్కేటప్పుడు టాక్సీ మాట్లాడుకోండి.

*శాండెమన్*: నది ఒడ్డునే. 1790లో మొదలైంది. నల్లటి పోర్చుగీస్ విద్యార్థి కేప్, వెడల్పాటి స్పానిష్ టోపీ పెట్టుకున్న మనిషి నీడ వీళ్ళ గుర్తు. 1928లో వేసిన బొమ్మ అది. గైడ్లు కూడా అదే వేషంలో వస్తారు. కొంచెం నాటకం, కొంచెం పాఠం. పోర్ట్ గురించి ఏమీ తెలియకుండా వచ్చినవాళ్ళకి, పిల్లలతో వచ్చినవాళ్ళకి బాగుంటుంది. జనం మాత్రం ఎక్కువ.

*కాలెమ్*: వంతెన దిగగానే కనిపించేది. 1859 నాటిది. టూర్‌తో పాటు ఫాదో అనే పోర్చుగీసు సంగీతం వినిపించే సాయంత్రపు టికెట్లు అమ్ముతారు. వైన్ కోసమే వెళ్ళేవాళ్ళకి ఇది మొదటి ఎంపిక కాదు. పాట కోసం అయితే వెళ్ళొచ్చు.

*ఫెరేరా*: 1751 నుంచీ పోర్చుగీసు పేరుతోనే ఉన్న కంపెనీ. ఈ ఒడ్డున ఉన్న పెద్ద పేర్లలో చాలా భాగం బ్రిటిష్ వ్యాపారులవి, అందుకే ఈ మాట చెప్పాల్సి వచ్చింది. 19వ శతాబ్దంలో డోనా అంటోనియా అడిలైడ్ ఫెరేరా అనే మహిళ దీన్ని నడిపింది. చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుని, డోరో లోయలో తోట మీద తోట కొని, ఆ లోయకే పెద్ద దిక్కయింది. 1896లో చనిపోయింది. ఆవిడ కథ కోసమైనా ఈ టూర్ చేయొచ్చు.

*కోబర్న్స్*: 1815 నాటిది. ఇక్కడ పీపాలు బాగుచేసే పనివాళ్ళ వర్క్‌షాప్ ఇంకా నడుస్తోంది. పనివేళల్లో వెళ్తే సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. గ్లాసు కన్నా పని చూడటం ఇష్టమైనవాళ్ళు ఇటు రండి.

*రామోస్ పింటో*: నది ఒడ్డున పసుపు రంగు భవనం. 1880లో మొదలైంది. వ్యవస్థాపకుడు అడ్రియానో రామోస్ పింటోకి ప్రకటనల పిచ్చి. ఆ కాలపు పోస్టర్లు, పాత ఆఫీసు గదులు చూపిస్తారు. వీళ్ళ పదేళ్ళ టానీ కింటా ద ఎర్వమోయిరా అనే ఒకే తోటది, ఇరవయ్యేళ్ళది కింటా దో బోమ్ రెతీరోది. టానీకి రెండో సెల్లార్‌గా నేను చెప్పేది ఇదే. కొల్యేటాల మీద ప్రత్యేకంగా మోజు ఉంటే దీని బదులు కోప్కే టేస్టింగ్ ఎంచుకోండి. 1638 నాటి పేరు అది, పాత కొల్యేటాలకి ప్రసిద్ధి.

జంటలుగా చెప్పాలంటే: టేలర్స్, ఆ తర్వాత రామోస్ పింటో. లేదా గ్రాహమ్స్, ఆ తర్వాత కోప్కే. ఎవరైనా మొదటిసారి వస్తూ, రుచి కన్నా కబుర్లు ఎక్కువ కావాలంటే శాండెమన్ ఒక్కటే చూసి మిగతా సమయం ఒడ్డున గడిపినా తప్పులేదు.

బుకింగ్

కంపెనీల సొంత వెబ్‌సైట్లలోనే బుక్ చేసుకోండి. వేసవిలో, శనాదివారాల్లో ఇంగ్లిష్ టూర్లు నిండిపోతాయి. రెండింటి మధ్య కనీసం రెండున్నర గంటల తేడా పెట్టుకోండి. మామూలు టూర్, రెండు మూడు గ్లాసులు కలిపి ఎక్కువ చోట్ల మనిషికి 20 నుంచి 30 యూరోల మధ్య ఉంటుంది. పాత వైన్లున్న టేస్టింగ్‌లకి ఇంకా పైన.

ఇక్కడ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో ఒక మాట. రెండు చోట్లా టూర్ తీసుకోకండి. పీపాల గది ఒకసారి చూస్తే చాలు, రెండో చోట అదే కథ ఇంకో గైడ్ నోట వింటారు. మొదటి దగ్గర టూర్ తీసుకుని, రెండో దగ్గర టూర్ లేకుండా టేస్టింగ్ ఒక్కటే దొరుకుతుందేమో అడగండి. మిగిలిన డబ్బుతో ఇరవయ్యేళ్ళ టానీ ఒక గ్లాసు తీసుకోండి.

పోర్చుగల్‌లో మద్యానికి వయసు 18 నిండాలి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. కారు నడపాల్సిన మనిషి అసలు తాగకూడదు. అక్కడ డ్రైవర్ల పరిమితి లీటరు రక్తంలో 0.5 గ్రాములు, పైన వేసిన లెక్కతో చూస్తే ఒక్క టేస్టింగ్‌తోనే దగ్గరపడిపోవచ్చు. అసలు ఇక్కడికి కారు అనవసరం.

జూన్ 23 రాత్రి పోర్తోలో సావ్ జువావ్ పండగ. మర్నాడు, 24న, నదిలో రబేలో పడవల పందెం జరుగుతుంది. చూడముచ్చటైన రోజే, కానీ ప్రశాంతంగా రుచి చూడాలంటే ఆ రెండు రోజులూ వద్దు.

దారి: పైనుంచి కిందికి

ముందు కడుపు నిండా భోజనం చేయండి. పరగడుపున పోర్ట్ తాగడం కన్నా తెలివితక్కువ పని లేదు. భోజనంలో మరీ కారం, చివర్లో స్ట్రాంగ్ కాఫీ మాత్రం తగ్గించండి, నాలుక మొద్దుబారుతుంది. సెంటు పూసుకోకండి. మీ ముక్కుకే కాదు, పక్క బల్ల వాళ్ళకీ ఇబ్బంది.

పోర్తో నుంచి గాయాకి డోమ్ లూయీస్ వంతెన మీదుగా వెళ్ళాలి. 1886లో తెరిచిన ఇనుప వంతెన ఇది. రూపకర్త తెయోఫిల్ సేరిగ్, అంతకుముందు గుస్తావ్ ఐఫెల్‌తో కలిసి పనిచేసినవాడు. దీనికి రెండు అంతస్తులు. కింది అంతస్తు తిన్నగా నది ఒడ్డుకి తీసుకెళ్తుంది, అందరూ అదే పడతారు. మీరు పై అంతస్తు పట్టండి. మెట్రో డి లైన్ దాని మీదే నడుస్తుంది, పక్కన మనుషులూ నడవచ్చు. దాటగానే జార్దిమ్ దో మోరో అనే పార్కు వస్తుంది. అక్కణ్ణించి రాళ్ళు పరిచిన సందుల్లో పడమటికి నడిస్తే టేలర్స్.

ఎందుకు పైనుంచి? మొదటి గ్లాసు ముందు కాళ్ళలో ఓపిక ఉంటుంది, తర్వాత ఉండదు. కింద మొదలుపెట్టినవాళ్ళు మధ్యాహ్నం ఎండలో, మూడు గ్లాసుల తర్వాత ఆ ఏటవాలు ఎక్కుతూ ఆయాసపడుతుంటారు. దిగేటప్పుడు కూడా జాగ్రత్తే. రాళ్ళు నున్నగా ఉంటాయి, వాన పడితే జారతాయి. రబ్బరు సోలు చెప్పులో షూలో వేసుకోండి. సెల్లార్ల లోపల చల్లగా ఉంటుంది, పల్చటి స్వెటర్ ఉంటే మంచిది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పార్కు దగ్గర నుంచి ఒడ్డుకి కేబుల్ కార్‌లో దిగొచ్చు. 2011 నుంచి నడుస్తోంది, ఐదు నిమిషాల ప్రయాణం.

గ్లాసు ముందు కూర్చున్నాక

మొదటి సెల్లార్లో వరస ఇలా పెట్టుకోండి: డ్రై తెల్లది, తర్వాత రూబీ లేదా రిజర్వ్, తర్వాత ఎల్‌బీవీ. వింటేజ్ గ్లాసుల్లో అమ్ముతుంటే చివర అది. గ్లాసులన్నీ ఒకేసారి ముందు పెడతారు కాబట్టి తొందర లేదు. ఒక్కోదాన్నీ సగం తాగి పక్కన పెట్టండి. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటిదానికి రండి. అప్పుడు తేడాలు బయటపడతాయి.

రంగు చూడటానికి గ్లాసు వంచి, కింద తెల్ల కాగితం పెట్టండి. అంచు ఊదా రంగులో ఉంటే వైన్ పడుచుది, ఇటుక రంగుకి తిరుగుతుంటే వయసు వచ్చినట్టు.

వాసన దగ్గర పోర్ట్‌కి ఒక ప్రత్యేక జాగ్రత్త కావాలి. మామూలు వైన్‌కి చేసినట్టు గ్లాసు గట్టిగా తిప్పి ముక్కు లోపల పెడితే ఆల్కహాల్ ఘాటు ముక్కుపుటాలు మండిస్తుంది, ఆ తర్వాత ఏమీ తెలియదు. నెమ్మదిగా ఒకసారి తిప్పి, ముక్కుని అంచుకి కాస్త దూరంగా పెట్టి, నోరు కొద్దిగా తెరిచి చిన్నగా పీల్చండి. రూబీలో నేరేడు, చెర్రీ, మిరియం లాంటివి తగులుతాయి. గైడ్ చెప్పిన పండు మీకు తగలకపోతే కంగారు పడక్కరలేదు. మీకు తగిలిందే రాసుకోండి.

నోట్లో పోసుకున్నాక వెంటనే మింగకండి. నాలుగైదు క్షణాలు నోరంతా తిప్పండి. ముందు తీపి వస్తుంది, అది అందరికీ తెలుస్తుంది. దాన్ని దాటి రెండు విషయాల కోసం చూడండి. ఒకటి పులుపు: దవడల పక్కన నీరూరుతోందా? పులుపు చాలకపోతే అది వట్టి పానకం. రెండోది వగరు: చిగుళ్ళ మీద పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తోందా? ఎల్‌బీవీ, వింటేజ్‌లలో ఆ వగరే వైన్‌ని ఏళ్ళ తరబడి నిలబెట్టేది. పడుచు వింటేజ్ తాగి, ఇదేమిటి ఇంత మొరటుగా ఉంది అనుకునేవాళ్ళుంటారు. అది ఇరవయ్యేళ్ళ తర్వాత తాగాల్సిన వైన్, మీరు చూస్తున్నది దాని బాల్యం.

రెండో సెల్లార్లో పని వేరు. అక్కడ ఒకే ప్రశ్న పెట్టుకోండి: పీపాలో గడిపిన కాలం వైన్‌ని ఏం చేసింది? అందుకని పదేళ్ళ టానీ, ఇరవయ్యేళ్ళ టానీ పక్కపక్కన పెట్టించుకోండి. టికెట్‌లో లేకపోతే విడిగా కొనండి. ఈ మొత్తం మధ్యాహ్నంలో నేర్చుకోగలిగింది ఎక్కువ ఇక్కడే. పదేళ్ళదానిలో ఎర్ర పండు ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. ఇరవయ్యేళ్ళదానిలో అది దాదాపు పోయి ఎండు ఫలాలు, గింజలు, నారింజ తొక్క వస్తాయి. మింగాక రుచి నోట్లో ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి లెక్కపెట్టండి. ఆ లెక్కలో రెండింటి మధ్య ధర తేడాకి కారణం దొరుకుతుంది. నలభయ్యేళ్ళది బాగుంటుంది కానీ, మొదటిసారి వెళ్ళినవాళ్ళకి ఇరవయ్యేళ్ళదే సరైన చోటని నా అభిప్రాయం. అందులో పండూ, వయసూ రెండూ ఉంటాయి.

టానీ కొంచెం చల్లగా, 12 నుంచి 14 డిగ్రీల దగ్గర ఇస్తే మంచి సెల్లార్ అన్నమాట. గది వేడిలో ఇస్తే ఘాటే ముందొస్తుంది. చల్లబరిచి ఇమ్మని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఉమ్మడానికి చిన్న గిన్నె అడిగితే ఇస్తారు. వృత్తిగా రుచి చూసేవాళ్ళందరూ ఉమ్ముతారు, అందులో అమర్యాద ఏమీ లేదు. అన్నీ తాగి తీరాలన్న రూలు లేదు. డబ్బులిచ్చాం కదా అని గ్లాసు ఖాళీ చేసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

మధ్యలో విరామం

మొదటి సెల్లార్ అయ్యాక కనీసం గంట ఆగండి. అర లీటరు నీళ్ళు తాగండి, ఏదైనా తినండి. ఒడ్డున మెర్కాదో బెయిరా రియో అనే మార్కెట్‌లో రకరకాల తినుబండారాల స్టాళ్ళున్నాయి. శాకాహారులు అడిగి తీసుకోవాలి. అక్కడి చిరుతిళ్ళలో ఉప్పు చేపో పంది మాంసమో చెప్పకుండా దూరిపోతుంది. చీజ్, బాదం, రొట్టె ఎలాగూ దొరుకుతాయి, టానీకి అవే సరిజోడు. డార్క్ చాక్లెట్ ఎల్‌బీవీకి బాగుంటుంది. నీలం బూజు చీజ్‌కి వింటేజ్ అని ఇంగ్లిష్ వాళ్ళు ప్రాణం పెడతారు. ఆ వాసన తట్టుకోగలిగితే వాళ్ళు చెప్పింది నిజమేనని ఒప్పుకోవాలి.

సాయంత్రం: తెల్ల పోర్ట్‌తో

రెండో సెల్లార్ నుంచి బయటికి వచ్చేసరికి ఒడ్డు నిండిపోయి ఉంటుంది. వైన్‌ని పరీక్షగా చూసే పని అయిపోయింది, ఇప్పుడు మామూలుగా కూర్చోవచ్చు. ఓపిక ఉండి, ఇంకొక్క గ్లాసు తట్టుకోగలనని అనుకుంటే పోర్టోనిక్ తీసుకోండి: తెల్ల పోర్ట్, రెండింతల టానిక్ వాటర్, ఐసు, నిమ్మ ముక్క, పుదీనా. ఘాటు తగ్గిపోతుంది, వేసవి సాయంత్రానికి హాయిగా ఉంటుంది. నది పక్కన బల్లల దగ్గర చోటు దొరక్కపోతే ఎస్పాసో పోర్తో క్రూజ్ భవనం పైన టెర్రస్ బార్ ఉంది.

సూర్యాస్తమయం కోసం మళ్ళీ జార్దిమ్ దో మోరోకి ఎక్కేవాళ్ళు వందల్లో ఉంటారు. ఈ వేళకి నడిచి ఎక్కకండి, కేబుల్ కార్ ఆ రోజు ఎంతసేపు నడుస్తుందో చూసుకుని దాన్ని పట్టుకోండి. తిరిగి పోర్తోకి వెళ్ళాలంటే పార్కు పక్కనే మెట్రో.

సీసా కొనేటప్పుడు

టేస్టింగ్ గదిలో, మూడో గ్లాసు ఊపులో కొనకండి. ఏది నచ్చిందో ఫొటో తీసుకుని, మర్నాడు పొద్దున ధర చూసి కొనండి. సెల్లార్లో ఉన్నదే చాలాసార్లు ఊళ్ళో సూపర్ మార్కెట్‌లోనో వైన్ షాపులోనో తక్కువకి దొరుకుతుంది. అక్కడ మాత్రమే అమ్మే పాత కొల్యేటాలు, చిన్న బ్యాచ్‌లు అయితే సెల్లార్లోనే కొనాలి. కొల్యేటా లేబుల్ మీద పంట ఏడాదితో పాటు సీసాలో పోసిన ఏడాది కూడా ఉంటుంది. రెండూ చూడండి. పీపాలోంచి ఇటీవలే సీసాలోకి వచ్చినదైతే మేలు. సీసా మెడ మీద డోరో, పోర్తో వైన్ సంస్థ వేసే గ్యారంటీ స్టాంపు పట్టీ ఉందో లేదో కూడా చూసుకోండి.

విమానంలో సీసాలు చెక్ ఇన్ సామానులోనే పెట్టాలి. బట్టల్లో చుట్టి పెట్టె మధ్యలో సర్దండి.

ఇంటికి వెళ్ళాక టానీ సీసాని నిలబెట్టి ఉంచండి, వింటేజ్‌ని పడుకోబెట్టి ఉంచండి. టానీకి గాలి ముందే అలవాటు కాబట్టి మూత తీశాక ఫ్రిజ్‌లో ఒకటి రెండు నెలలు నిలుస్తుంది. అప్పుడప్పుడు భోజనం తర్వాత ఒక చిన్న గ్లాసు తాగేవాళ్ళకి అదే నయం. రూబీ ఒకటి రెండు వారాలు, ఎల్‌బీవీ నాలుగైదు రోజులు. వింటేజ్ మూత తీశాక రెండు రోజులకి మించి ఆగదు. పైగా అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి ముందు రోజే నిలబెట్టి ఉంచి, పల్చటి గుడ్డలోంచి నెమ్మదిగా వేరే పాత్రలోకి వంపాలి. ఇంట్లో తాగేవాళ్ళు ఒక్కరే అయితే వింటేజ్ కొనకండి. నలుగురు కూర్చునే రోజు ఉందనుకుంటేనే కొనండి.